చక్రంలో లేని రాయి

పోయిన నెలలో మా తమ్ముడు కుప్పంలో కన్నుమూశాడు. ఆదివారం ఆరాధన ముగిశాక కీబోర్డును పెట్టెలో పెట్టి, జిప్పు వేసి, దాని పక్కనే బెంచీ మీద కూర్చున్నాడట. మంచినీళ్ళు తెచ్చినామె పిలిస్తే పలకలేదు. ఇంటికి పెద్దదాన్ని కాబట్టి అక్కడి పాస్టరమ్మ నాకే ఫోన్ చేసింది. "అక్కా, కూర్చొని వినండి" అంది. నేను నిలబడే విన్నాను.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాల్లో అతని వాయిద్యం వినని వాళ్ళు తక్కువ. అందుకే ఆ సంఘాల్లోని మీకు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు రోజు ఉదయం నాకు మొత్తం గుర్తుంది. ఏ విశేషమూ లేని శనివారం. నేను వాకిట్లో నీళ్ళు చల్లుతున్నాను. టమాటా లారీలు మార్కెట్టు వైపు పోతున్నాయి. వాటి మోత మధ్య మా తమ్ముడి పెట్టె చక్రాల చప్పుడు వినిపించింది. సిమెంటు రోడ్డు అతుకుల దగ్గర టక్కుమని, మళ్ళీ జర్రుమని. మలుపు దగ్గర చప్పుడు ఆగింది. నా చేతిలో చెంబు కూడా ఆగింది. మళ్ళీ మొదలయ్యాకే నాకు ఊపిరి ఆడింది. అతను కుప్పం పోయే ప్రతిసారీ ఇంతే.

వచ్చి, భుజం మీది తువ్వాలు వరండాలో పరిచి పెట్టెను దాని మీద పడుకోబెట్టాడు. తాను కటిక నేల మీద కూర్చున్నాడు. ఇడ్లీ, చెనక్కాయ చట్నీ పెట్టాను.

"నిద్ర పట్టిందా నాయనా?"

"పట్టిందిలేక్కా. నా మొగం అట్ల సూడొద్దు. డాక్టరు గూడా అంత సేపు సూడ్ల్యా."

"మాత్ర ఏసుకుంటివా?"

"ఏసుకుంటి. ప్రార్థన చెయ్యి, బస్సు పోతాది."

తల మీద చెయ్యి పెట్టి రెండు మాటలు ప్రార్థించాను. నాకు పొడవుగా ప్రార్థించడం రాదు. దాని మీద అతను ఎప్పుడూ ఒక మాట అనేవాడు: "మా పెద్దక్క ప్రార్థన బస్సు టికెట్టు మాదిరి. చిన్నదే గాని ఊరు చేరస్తాది." ఆ రోజూ అదే అని, చెయ్యి కడుక్కొని, పెట్టె లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ కీబోర్డు చిన్నది కాదు. పియానోకు ఉన్నన్ని మెట్లు దానికి. ఒక్కరు ఎత్తే బరువు కాదు. చక్రాల పెట్టె రాకముందు మన సంఘాల్లో ఒక పద్ధతి ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. ఎవరింట్లో కూడిక అయితే వాళ్ళ మనిషి ఒకడు ఇంటి దాకా వచ్చి, కీబోర్డుకు రెండో కొస పట్టుకొని, తమ్ముడితో పాటు బస్సులో పోయి, మళ్ళీ తెచ్చి దించేవాడు. "ఈ వారం కొస ఎవరిది?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళం. కొస పట్టినవాడికే మొదటి కాఫీ.

తరువాత తమ్ముడి గుండె పెద్దదయిందని తేలింది. బరువు ఎత్తొద్దన్నారు. అతను వాయించడం మానలేదు. బెంగళూరులో వెతికి ఈ చక్రాల పెట్టె కొనుక్కొచ్చాడు. ఆ రోజు అతని సంబరం చూడాలి. మా వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి లాగి చూపించాడు.

"ఇంగ మోసేది నేను కాదక్కా, నేల."

అందరమూ దేవుణ్ణి స్తుతించాం. ఆ తరువాత కొస ఎవరిదని అడిగిన వాళ్ళు లేరు. చక్రాలున్నప్పుడు రెండో మనిషికి పనేముంది? ఇంకొకరికి బరువు కాకుండా పోయినందుకు అతనికీ సంతోషమే. పెట్టె కూడా బరువేనని, రోడ్డు మీద ఉరికే చక్రాలు బస్సు మెట్లు ఎక్కలేవని ఎవరికీ తట్టలేదు.

నేను ఒకసారి అతనితో కుప్పం ప్రయాణమయ్యాను. మదనపల్లె బస్టాండులో కండక్టరు ఆ పొడుగాటి నల్ల పెట్టెను చూసి మొగం చిట్లించాడు.

"ఏంప్పా, లోపల మనిషిని గాని పెట్టుకోనొస్తాండావా?"

"పాటలుండాయన్నా."

"పాటలకైనా లగేజీ టికెట్టు తీయాల్సిందే."

"తీస్తాలే. ఏడ్సే పాటలకు సగం కొట్టు."

బస్సంతా నవ్వింది. కండక్టరూ నవ్వి ఒక చెయ్యి వేశాడు. కానీ బస్సు మారడానికి పుంగనూరులో దిగేటప్పుడు చెయ్యి వేసేవాళ్ళు లేరు. నేను ముందు దిగాను. అతను ఒక్కడే పెట్టెను మెట్ల మీది నుంచి దించి, పది అడుగులు లాగి, దాని పక్కన వంగాడు.

"ఏమైంది నాయనా?"

"చక్రంలో రాయి ఇరుక్కున్యాదక్కా. నువ్వు నడుస్తా ఉండు."

కొంచెం నడిచి వెనక్కి తిరిగాను. చక్రం మీద అతని వేలు కదలడం లేదు. కళ్ళు మూసుకొని ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. మెడ పక్కన నరం కొట్టుకోవడం నాకు అంత దూరానికీ కనిపించింది. దగ్గరికి పోయి చూశాను. చక్రం శుభ్రంగా ఉంది.

"రాయి యాడ?"

"తీసేసినా." అని నవ్వాడు. కాసేపటికి, "ఇంట్లో చెప్పొద్దుక్కా" అన్నాడు.

చెప్పాను. మరదలికీ, పుంగనూరులో ఉండే మా చెల్లెలికీ, ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ తిట్టారు. అన్నం తిన్నంత నిదానంగా ఆ తిట్లు తిన్నాడు. మళ్ళీ శనివారం వచ్చేసరికి పెట్టె తుడుచుకుంటూ కూర్చున్నాడు. అప్పటి నుంచి మా వీధిలో చక్రాల చప్పుడు ఆగితే నా చేతిలో పని కూడా ఆగేది.

అతన్ని ఆపలేకపోవడానికి కారణం ఉంది. కుప్పంలో ఒక ముసలామె ఉంది. పాట ఎత్తుకుంటే ఏ శ్రుతిలో ఎత్తుకుంటుందో ఆమెకే తెలియదు. తక్కిన వాయిద్యగాళ్ళు ఆమె పాడుతుంటే చేతులు తీసేస్తారు. మా తమ్ముడు మాత్రం బొత్తాం నొక్కి, తన శ్రుతిని ఆమె దగ్గరికి దించుకొని, మెల్లగా వెంట నడిచేవాడు. అదేమని అడిగితే, "ఆయమ్మ తప్పల్యా. నా పెట్టె తప్పినాది, సరి చేసుకుంటి" అనేవాడు. ఆమె కోసమే నెలనెలా అంత దూరం పోయేవాడని నా అనుమానం.

ఆ ఆదివారం మేము కుప్పం చేరేసరికి అతన్ని ఆసుపత్రిలో ఒక బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. అక్కడి డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. నన్ను పక్కకు పిలిచాడు.

"మీ నాయన ఎట్ల పోయినాడమ్మా?"

"నిమ్మనపల్లె దగ్గర చేలో నీళ్ళు కడతా పడిపోయినాడు సార్. ఎండదెబ్బ అన్న్యారు. తమ్ముడి కంటే చిన్న వయసు అప్పుడు."

ఆయన అది కాగితం మీద రాసుకున్నాడు.

"కొన్ని గుండె జబ్బులు రక్తంలోనే వస్తాయి. తోబుట్టువులు, బిడ్డలు, అందరూ ఒకసారి చూపించుకోండి. ఆలస్యం చెయ్యొద్దు."

తమ్ముడికి ఒక్కతే కూతురు. మదనపల్లెలోనే ఆఫీసులో ఉద్యోగం. తండ్రి దగ్గరే కీబోర్డు నేర్చుకుంది. డాక్టరు మాట నేను భూస్థాపన అయ్యాక ఇంట్లో చెప్పాను. మరదలు చెవులు మూసుకుంది. ఆమెది తప్పని అనను. నాకూ మోకాళ్ళ మీద ఉన్నప్పుడు తప్ప తక్కిన వేళంతా భయమే.

నిన్న శనివారం పుంగనూరు కూడికకు తాను వాయిస్తానని పిల్ల బయలుదేరింది. నాయన స్థలం ఖాళీగా చూడలేనంది. నేనూ మరదలూ వాకిట్లో నిలబడి చూస్తున్నాం. పెట్టె లాక్కుంటూ మలుపు దాకా పోయింది. చప్పుడు ఆగింది. పిల్ల వంగింది.

"ఏమైందిమ్మా?" అని కేకేశాను.

"ఏం ల్యా అత్తా. చక్రంలో రాయి."

చెప్పులు వేసుకోకుండా పరిగెత్తాను. ఈ వయసులో అట్లా పరిగెత్తగలనని నాకు తెలియదు. చక్రం చూశాను. రాయి లేదు. పిల్ల పై పెదవి మీద చెమట పట్టి ఉంది.

"ఎప్పుటి నుంచి?"

తల దించుకుంది. "నాయన ఉన్నప్పుటి నుంచే. మిద్దె ఎక్కితే గూడా ఆయాసం వస్తాండాది. ఆయనకు చెప్తే బయపడతాడని చెప్పల్యా."

ఇద్దరం పెట్టెను వెనక్కి తెచ్చాం. నేను ముందు లాగుతుంటే పిల్ల చేయి నా భుజం మీద ఉంది. ఆ చేయి బరువు తగ్గుతుందేమో, జారుతుందేమోనని అడుగడుగుకూ చూసుకుంటూ నడిచాను. వాకిట్లో మరదలు మమ్మల్ని చూసి గడప మీద కూర్చుండిపోయింది.

సాయంత్రం చెల్లెలు పుంగనూరు నుంచి వచ్చింది. నలుగురం హాల్లో చాప మీద కూర్చున్నాం. ముందు ప్రార్థన చేశాం.

"ఆసుపత్రి వొద్దు వదినా," అంది మరదలు నాతో. "జబ్బు ఉండాదని చెప్పినాక నేనేం చేసుకోవాల? తెలీకపోతే నిద్రన్నా పడతాది."

"నీకు పడతాండాదా వదినా?" అని మా చెల్లెలు అడిగింది. "నాకు మాత్రం పడ్ల్యా. మా అన్న పోయినప్పుటి నుంచి గుండె మీద చెయ్యి పెట్టుకోని పడుకుంటాండా. అది కొట్టుకుంటాంటే బయం, ఆగినట్టుంటే బయం."

మరదలు పిల్ల వైపు చూసింది. పిల్ల, "నన్ను ముందు పంపిస్తే పారిపోతా" అంది. నవ్వించాలని అంది. ఎవరికీ నవ్వు రాలేదు.

"నువ్వు ముందు కాదు. పెద్దదాన్ని నేనుండా కదా," అన్నాను.

మరదలు పైట చెంగుతో మొగం తుడుచుకుంది. "అయితే ఒకటి. ఆ డాక్టరు ఏది చెప్పినా నా బిడ్డ ముందరే చెప్పాల. నన్ను బయటికి పంపి మాట్లాడకూడదు."

సరేనన్నాం. సోమవారం మొదటి బస్సుకు నలుగురం తిరుపతి పెద్దాసుపత్రికి పోవాలని నిర్ణయించుకున్నాం. ముందు నేను, తరువాత చెల్లెలు, ఆ తరువాత పిల్ల లోపలికి పోవాలి. మేమిద్దరం పరీక్ష చేయించుకొని నడిచి బయటికి రావడం పిల్ల చూడాలి. ఎవరికి ఆయాసం వచ్చినా వెంటనే పైకి చెప్పాలి. సోమవారం దాకా పిల్ల తన అమ్మకూ నాకూ మధ్యన పడుకోవాలి. లైటు ఆర్పకూడదు.