పక్కసీటు పెదనాన్న

గౌరి పెదనాన్న శేషగిరి ఈ భూమ్మీద ఎవరికీ ఎదురుగా కూర్చోడు. పక్కనే కూర్చుంటాడు. హోటల్లో ఎదుటి బెంచీ ఖాళీగా ఉన్నా సరే, మనవైపే ఇరుక్కుంటాడు. ఢిల్లీలో తాముండే ద్వారకలో ఆటో ఎక్కితే డ్రైవరు పక్కనే.

"అంకుల్‌జీ, వెనక మొత్తం ఖాళీ!"

"ఠీక్ హై భయ్యా, నువ్వు పోనీ. పుష్పక్‌లో రెండు సీట్లూ పక్కపక్కనే!"

పుష్పక్ అంటే ఒంటి ఇంజను చిన్న విమానం. యాభైల చివర్లో బెంగుళూరులో తయారైంది. గొట్టాల చట్రం, దానిమీద బిగించిన గుడ్డ, నెత్తిమీద రెక్క. ఓ ఫ్లయింగ్ క్లబ్బులో ముప్పై ఏళ్ళు వాటికి మెకానిక్కుగా చేసి రిటైరైనా, పెదనాన్న మనసు ఇంకా వాటి చుట్టూనే చక్కర్లు కొడుతోంది.

పోయిన చలికాలం దగ్గు పట్టుకుంటే గౌరి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన స్టూలు ఎత్తుకుని, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, డాక్టరు పక్కన వేసుకున్నాడు.

"పేషెంట్లు అటువైపండీ."

"పూర్వం టైగర్ మాత్ అని ఓ విమానం ఉండేది డాక్టరుగారూ. ఒకడి వెనక ఒకడు! గురువు గొట్టంలోంచి అరవాలి. పుష్పక్ గీసినవాళ్ళు మొనగాళ్ళు. పక్కపక్కన వేశారు. మెల్లగా చెప్పినా చాలు, శిష్యుడు బెదరడు."

"ఏదీ, నోరు తెరవండి."

అది వచ్చినప్పట్నుంచీ తెరిచే ఉంది. గౌరి చున్నీతో నవ్వు దాచుకుంది. తర్వాతి పేషెంటు, స్టూలు అక్కడుండటం చూసి, తనూ డాక్టరు పక్కనే కూర్చున్నాడు.

గౌరికి తొమ్మిదితో చదువాగిపోయింది. ఢిల్లీలో పెదనాన్న ఇంటికి వచ్చి రెండేళ్ళు. ఎవరైనా మొహంలోకి చూస్తే చాలు, గొంతు లోపలికి పోతుంది. ఓ ప్లేస్కూల్లో ఆయా పనికి వెళ్ళి, బల్లకు అవతల కూర్చున్నావిడకు తన పేరు కూడా చెప్పలేక తిరిగొచ్చేసింది. ఇప్పుడు ఇంకో స్కూలు పిలిచింది. ఇదీ పోతే మళ్ళీ ఏ గుమ్మమూ ఎక్కకూడదనుకుంది.

"ఆవో గౌరీ, బైఠో," అంది ఆ స్కూలు నడిపే ఇషిత మేడమ్. మధ్యలో బల్ల. అవతల కళ్ళద్దాలు. గౌరి కుర్చీ అంచున కూర్చుంది.

బయట బెంచీమీద వాచ్‌మన్‌ని ఆనుకుని కూర్చున్న పెదనాన్న మాటల్లోంచి 'పుష్పక్' ఒక్కటీ లోపలికి వినిపించింది.

గౌరి లేచింది. కుర్చీ ఎత్తుకుని, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, మేడమ్ పక్కన వేసుకుంది.

"యే క్యా?"

"పిల్లలతో కూడా ఇలాగే కూర్చుంటాను దీదీ. ఎదురుగా ఉంటే జడుసుకుంటారు." కిటికీలోంచి ఆటస్థలం కనిపిస్తోంది. "ఆ ఎర్ర స్వెట్టరు పాప చూడండి. జారుడుబల్ల ఎక్కాలని ఉంది. అడగలేకపోతోంది."

ఇషిత కాసేపు ఆ పాపనే చూసింది. "సోమవారం నుంచి రా."

ఇంటికొచ్చి, "అంతా పుష్పక్ చలవే పెద్దమ్మా!" అంది గౌరి.

పెసరట్టు తిరగేస్తున్న ఉమారాణి ఫక్కున నవ్వింది. "పుష్పక్కూ లేదు, పాడూ లేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ నా ఎదురుగానే కూర్చుని, కూరలో ఉప్పు తగ్గితే నా మొహంలోకే చూసేవారు. నువ్వొచ్చిన రోజు, ఎదురుగా ఈయనున్నారని ముద్ద ముట్టలేదు. మర్నాడు కంచం పట్టుకుని నీ పక్కకొచ్చేశారు. నీ ఒక్కదాని దగ్గరే అలా చేస్తే నువ్వు చిన్నబోతావని, ఊరందరి పక్కనా కూర్చోవడం మొదలెట్టారు!"

"అబద్ధం!" సోఫాలోంచి అరిచాడు పెదనాన్న. "పుష్పక్‌లో—"

గౌరి కంచంతో వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. "చెప్పు పెదనాన్నా. ఆ గొట్టం సంగతి మళ్ళీ చెప్పు."

ఉమారాణి కూడా వచ్చి, "జరగండి," అంటూ వాళ్ళ మధ్యలోకి దూరింది.

"ఉమా! పుష్పక్‌లో ఇద్దరికే చోటు!"

"అయితే మీరు దిగండి."