దిష్టిబొమ్మకు బదులు

ఆందోళనకు ముఖం ఉంటుందనుకోవడం నేను చేసిన మొదటి తెలివితక్కువ పని. ఆ ముఖాన్ని గీసి మా బావకు చూపించడం రెండోది.

నేను నంద్యాలలో డ్రాయింగు మాస్టరును. బడిలో పిల్లలకు కుండలు, మామిడికాయలు నేర్పి, ఇంట్లో ఎవరికీ అర్థం కాని బొమ్మలు వేసుకుంటాను. మా అక్కకు నంద్యాల ఆసుపత్రిలో ఆపరేషను జరిగిన రోజు, మూసిన తలుపు ముందు బెంచీ మీద నేనూ బావా కూర్చున్నాం. నేను గోళ్ళు కొరుకుతున్నాను, ఆయన వేయించిన శెనక్కాయలు కొరుకుతున్నాడు.

"ఏందప్పా బామ్మర్దీ, ఆపరేషన్ మీ యక్కకా, నీకా?" అన్నాడు, అటుగా పోతున్న నర్సు కూడా నవ్వేట్టు.

అక్క క్షేమంగా బయటికొచ్చింది. నేను ఆ రోజును బొమ్మగా వేశాను. ఆధునిక చిత్రంలో ఆందోళన అంటే కన్నీళ్ళు కావని, నిటారుగా నిలవని తలుపని, కుదురుకోని రంగని చదువుకున్నవాణ్ణే. అయినా చేయి ఆగలేదు. పసుపుపచ్చ ముఖం, దాన్ని దాటి బయటికొచ్చిన కళ్ళు, తన వేళ్ళను తానే తింటున్న పళ్ళు. గర్వంగా అక్కావాళ్ళ ఊరు ఆళ్ళగడ్డ తీసుకెళ్ళి అక్కకిచ్చాను. అక్క చాలాసేపు చూసి కళ్ళు తుడుచుకుంది. బావ మాత్రం "దేనికన్నా పనికొస్తాదిలే" అన్నాడు.

పనికొచ్చింది. మళ్ళీ వెళ్ళినప్పుడు, బస్సు దిగి నడుస్తుంటే, ఆయన కట్టిస్తున్న కొత్త ఇంటి ముందు, బూడిద గుమ్మడికాయకూ పాత చెప్పుకూ నడుమ నా ఆందోళన తాడుకు వేలాడుతోంది. ఎన్నడూ ఎవరి దృష్టికీ రాని నా కళకు ఊరందరి దిష్టి మోసే ఉద్యోగం దొరికింది.

"ఏంది బావా ఇది?"

"కోప్పడాకప్పా. అంగట్లో కొన్న దిష్టిబొమ్మ వానకు కరిగిపాయ. నీది చూడు, చెక్కు చెదర్లా. పిల్లోల్లు ఈ సందులోకి రావాలంటేనే జడుచుకుంటాండారు. మంచి రంగేసినావ్!"

కూలీలు నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవడానికి చోటు లేక. దించి ఇమ్మని అడగలేకపోయాను. కానీ పగ పట్టాను. పాము పగ కాదు, డ్రాయింగు మాస్టరు పగ: రబ్బరుతో రుద్దినా మచ్చ మిగిలే రకం.

అదను బోరు రూపంలో వచ్చింది. కొత్త ఇంటి దొడ్లో బోరు వేయించిన రోజు నేనక్కడే ఉన్నాను. యంత్రం అరుస్తోంది, నీళ్ళకు బదులు తెల్లటి దుమ్ము లేస్తోంది. భార్య ఆపరేషను నాడు శెనక్కాయలు తిన్న మనిషి గొంతుక్కూర్చుని తువ్వాలు కొస నములుతున్నాడు.

"ఇంగొక రాడ్డు దింపప్పా, ఇంగొక్కటి!"

ఎడమ చెప్పు కుడికాలికి వేసుకున్నాడని కూడా ఎరగడు. 'బోరు భూమికా బావా, నీకా?' అని నోటిదాకా వచ్చింది. మింగాను. సాయంత్రానికి నీళ్ళు పడ్డాయి. నేను నంద్యాల వచ్చి కుంచె పట్టాను.

ఈసారి ముఖం వేయలేదు. కాన్వాసు గుడ్డంతా దుమ్ము రంగు, మధ్యలో దిగుతూనే ఉన్న నల్లటి గీత, కింది మూలలో తారుమారైన చెప్పుల జత, పక్కన నమిలిన తువ్వాలు కొస. అంతే. నా జన్మలో వేసిన మంచి బొమ్మ అదే. కళకు ప్రేమ కావాలంటారు. నాకు కక్ష సరిపోయింది.

గృహప్రవేశం నాటి ఉదయం బావ గుమ్మడికాయతో పాటు నా పాత బొమ్మనూ దించి ఊరి బయట పారేయించాడు. నేను పుట్టింటి బట్టలతో పాటు కొత్త బొమ్మను అక్క చేతిలో పెట్టాను. పుట్టింటివారు పెట్టినది గనుక హాల్లోనే తగిలించాలి. బావ తానే మేకు కొట్టాడు.

"ఇది శానా నెమ్మదిగుందప్పా" అన్నాడు.

భోజనాలకు లేవబోతూ బావ వాళ్ళమ్మ దాని ముందు ఆగింది.

"రేయ్, ఇవి నీ చెప్పులే గదరా! బోరు కాడ తువ్వాలు నమిల్న్యాది నువ్వే గదా!"

హాలంతా ఒక్కసారి నవ్వు. బావ ముఖం ఎర్రబడింది. బొమ్మ దించబోయాడు.

"చెయ్యి తీసెయ్" అంది అక్క, గొంతు పెంచకుండానే. "పుట్టింటోల్లు పెట్టింది దించితే ఇంటికి మంచిది గాదు."

ఇప్పుడు ఎప్పుడు వెళ్ళినా బావ ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాడు. నేను ఎదురుగా కూర్చుని, బొమ్మనే చూస్తూ, తీరిగ్గా శెనక్కాయలు తింటాను.