అమ్మ చేతి ఆవకాయ పాట

మా ఆయన మిలటరీ నుంచి పంపిన మొదటి కేసెట్టు విన్నది ఆగిరిపల్లి దగ్గర మేం కూలికెళ్లే మామిడితోటలోనే. ఎనభైల్లో మాబోటివాళ్ల ఇళ్లలో టేప్‌రికార్డర్ ఎక్కడిది? సెలవు మీద వచ్చిన రెడ్డిగూడెం జవాను కేసెట్టు తెచ్చిస్తే, తోట ఆసామి తన టేప్‌రికార్డర్ పాకలోకి పంపించాడు. కాయలు ఏరేవాళ్లం, గడ్డి పరిచి మాగేసేవాళ్లం అందరం చుట్టూ చేరాం. పెళ్లయిన నెలకే వెళ్లిపోయిన మనిషి ఆయన. పాటలో నా ఊసు ఒక్కటైనా ఉంటుందని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

*మంచుకొండ కాడ నాకు మనసు నిలవదే*
*మామిడి తోట మీదికే గాలి మళ్లెనే*
*అమ్మ చేతి ఆవకాయ అన్నాన కలిపితే*
*ఆ ఎరుపు చూడందే ఆకలి తీరదే*

ఆయన గొంతులో ఏడుపు నిజమే, కాదనను. కోతవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అందరూ మా అత్త వైపు చూస్తే, ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కుమిలిపోయింది.

ఆ ఆవకాయ కలిపింది నేను. ముందటేడు కోతలప్పుడు, ఆయన వెళ్లే ముందు, అత్త జ్వరంతో మంచం మీద ఉంది. ముక్కలు కొట్టి, తుడిచి, ఆరబెట్టి, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కలిపి, డబ్బా మూతకి గుడ్డ బిగించి ఆయన ట్రంకుపెట్టెలో పెట్టింది నేను. పెళ్లి గోరింటాకైనా పోని చేతులు భగభగ మండిపోయాయి. ఆ సంగతి అత్తకీ తెలుసు, ఆయనకీ తెలుసు. సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అన్నారా?

పైగా ఆ పాట తోటంతా పాకింది. చెట్టెక్కినవాళ్లూ అదే, కింద ఉన్నవాళ్లూ అదే. పొద్దస్తమానం అది వింటూ బుట్టలు మోశాను.

ఆ కోతల్లోనే ఆయన సెలవు మీద వచ్చాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ పాడమన్నారు. 'అమ్మ చేతి ఆవకాయ' దగ్గరికి వచ్చేసరికి ఇక నా వల్ల కాలేదు.

"ఆ ఆవకాయ కలిపింది నేను కదా మావా!" అన్నాను, అందరి ముందే.

ఆయన నవ్వాడు. "ఎవరు కలిపితే ఏంటే! పాటలో అమ్మంటేనే బాగుంటది."

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అయితే ఈసారి అమ్మచేతే కలిపించుకో" అన్నాను.

అత్త పట్టుదలగా కూర్చుని కలిపింది. ముక్కల తడి ఆరనేలేదు. ఉండబట్టలేక, "తడి ఉంది అత్తా, బూజు పడుద్ది" అన్నాను.

"నిన్నగాక మొన్నొచ్చి నాకు చెప్పొచ్చావా! నా కొడుక్కి ఏం పెట్టాలో నాకు తెలీదా?"

డబ్బా మూతకి గుడ్డ కూడా ఆవిడే కట్టింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

వానలు పడ్డాక ఇంకో కేసెట్టు వచ్చింది. మళ్లీ పాకలో చేరాం. అదే పాట, ఈసారి ఇంకా దిగులుగా. 'అమ్మ చేతి ఆవకాయ' దగ్గర ఆయన గొంతు వణికింది, అత్త కొంగు తీసుకుంది. పాట అయ్యాక మాటలు వచ్చాయి.

"అమ్మా, ఈసారి ఆవకాయ బూజు పట్టిందే. మొత్తం పారబోశాను. నీ తప్పేం లేదులే. అది మూత సరిగ్గా కట్టి ఉండదు."

అత్త నా వైపు చూడకుండా కొంగు దులుపుకుని లేచింది. ఆయన మిలటరీలో ఉన్నన్నాళ్లూ పంపిన కేసెట్లన్నిటిలో నా ఊసు వచ్చింది అక్కడొక్కచోటే.