కమాను ముందా, బాత్రూం ముందా

నేను బడి కమిటీ ఎన్నికలో నిలబడ్డానంటే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. నేను నాలుగో తరగతి సగంలో చదువు ఆపేసినదాన్ని. కూడబలుక్కుని చదవగలను, బస్సు బోర్డు వరకైతే ధైర్యంగానే చదువుతాను. చదువు మీద ప్రేమతో నిలబడ్డానని చెప్పుకోవాలని నాకూ ఉంటుంది. కానీ నన్ను నిలబెట్టింది బాత్రూం.

మా బస్తీ బోధన్ ఊరి చివర. అక్కడి బడి ఏడో తరగతి వరకే. బడి వెనక మొన్నమొన్నటి దాకా చెరుకు తోట ఉండేది. ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా అందులోకి వెళ్లి వచ్చేవాళ్లు, ఎవరికీ ఏ బాధా లేదు. తర్వాత తోట కొట్టేసి ప్లాట్లు చేశారు, వరసగా తెల్ల రాళ్లు పాతారు. ఆ రాళ్ల వెనక మేకపిల్ల కూడా దాక్కోలేదు.

మరి బడిలో బాత్రూం లేదా అంటే, ఉంది. రంగులు వేశారు, రిబ్బన్ కట్టారు, కత్తిరించారు, ఫోటోలు దిగారు, ఆ సాయంత్రమే తాళం వేశారు. ఎందుకు సార్ అని అడిగితే పెద్దసారు నాకు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"పిల్లలు వాడితె ఖరాబైతదమ్మా. రేపు పైనుంచి ఎవరన్న చూడనీకొస్తే ఏం చూపెట్టాలె?"

నా బిడ్డ అప్పుడు ఏడో తరగతి. పొద్దున చాయ్ ముట్టేది కాదు. మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నంలో పప్పుచారు పోయించుకునేది కాదు, పొడి అన్నమే మింగేది. సాయంత్రం వచ్చీ రాగానే బ్యాగు వాకిట్లో పారేసి వెనక్కి పరిగెత్తేది. చివరికి పొత్తికడుపులో మంట మొదలైంది. సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ మందులు రాసి, నీళ్లు బాగా తాగాలని చెప్పింది. ఇంటికి వచ్చాక బిడ్డ నాకు తేల్చి చెప్పింది.

"నీళ్లు తాగితె బడికి పోను. బడికి పోతె నీళ్లు తాగను. రెండిట్ల ఏదో ఒకటి చెప్పు."

మా అత్తకు ఇంత చిక్కు కనిపించలేదు. "ఏడు దాక సదివింది, సాలు. సాట ముందల కూసోవెట్టు. నువ్వు గట్లనే కూసోలేదా?"

కూర్చున్నాను కాబట్టే నా భయం. మా ఇంట్లో చాట ముందు, అంటే తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆ చాట ముందు కూర్చున్న ఆడపిల్ల మళ్లీ లేవడం నేను చూడలేదు. మా ఆయన నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే పని చేస్తాడు. ఫోనులో అడిగితే "నువ్వెట్లంటే గట్ల" అన్నాడు. ఆయన ప్రతి విషయంలో ఇదే మాట అంటాడు, తర్వాత తప్పు మాత్రం నాదవుతుంది. చివరికి మా అత్తను బతిమాలి, బడి కమిటీ ఎన్నిక అయ్యేదాకా గడువు అడిగాను.

నిలబడమన్నది మా ఎదురింటి అక్క, మేం ఆపా అంటాం. ఆమె చిన్న కూతురు ఆ బడిలోనే ఐదో తరగతి.

"బయట నిలవడి అడిగితె బిచ్చమడిగినట్టుంటది," అంది ఆపా బీడీకి దారం చుడుతూ. "కమిటీల ఉండి అడిగితె హక్కు. నిలవడు. నేను సుత మా పిల్ల క్లాసు తరపున నిలవడ్త."

మా వీధి మలుపులో సిమెంటు దుకాణం ఆయన ఒకడున్నాడు. ఆయన కన్ను కూడా ఈ ఎన్నిక మీదే పడింది. ముందు బడి కమిటీ, తర్వాత వార్డు, ఆ తర్వాత ఎక్కడిదాకానో మాకు చెప్పలేదు. చిక్కల్లా ఒకటే, బడిలో పిల్లలున్నవాళ్లే నిలబడాలి. ఆయన కూతురు టై కట్టుకుని, వ్యాను ఎక్కి ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లేది. ఎన్నికల కోసం పార్టీ మారేవాళ్లను మనం చూశాం, ఈయన ఏకంగా బిడ్డ బడే మార్చేశాడు. పది రోజుల ముందు ఆ పిల్లను తెచ్చి మా పిల్లల పక్కన ఏడో తరగతిలో కూర్చోబెట్టాడు. పాపం, ఆ పిల్ల మొదటి రోజు టైతోనే వచ్చింది.

పైగా తాను నిలబడకుండా భార్యను నిలబెట్టాడు. తరగతికి ముగ్గురు సభ్యులైతే అందులో ఇద్దరు ఆడవాళ్లే ఉండాలి. ఆడవాళ్లు ఎలాగూ ముందుకు రారు, గెలుపు తేలిక అని ఆయన లెక్క. పేరు ఆమెది, నోరు ఈయనది. ఇంటింటికీ బిస్కెట్ పొట్లాలతో తిరిగాడు. ఆమె ఆయన వెనక నిలబడి మా గడపల ముగ్గులు చూస్తూ ఉండేది.

"అక్కా, బడికి మొట్టమొదలు ఏం గావాలె?" అని మొదలుపెట్టాడు మా ఇంటి ముందు. జవాబు నన్ను చెప్పనిస్తేనా. "ఇజ్జత్ గావాలె. ఇజ్జత్ యాడుంటది? గేటు కాడుంటది. పెద్ద కమాను గట్టిపిస్త, మా బాపు పేరు మీద. బస్సుల పోయేటోళ్లు సుత తల తిప్పి చూడాలె."

ఆపా అడిగింది, "కమాను కిందికెళ్లి లోపలికి పోయినంక ఏముంటది భాయ్?"

"లోపలిది మెల్లగ చూద్దాం ఆపా."

కమానుకు సిమెంటు ఎవరి దుకాణం నుంచి వస్తుందో మేం అడగలేదు. బిస్కెట్లు మాత్రం బాగున్నాయి.

ఇంకో అభ్యర్థి నాలుగో తరగతి పిల్లాడి తండ్రి, ఆటో నడుపుతాడు. ఆయన బడి పండుగకు డీజే పెట్టిస్తానన్నాడు. ముగ్గురిలో పిల్లల మనసు తెలిసినవాడు ఆయన ఒక్కడేనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఎన్నిక రోజు పొద్దున్నే వరండాలో పట్టాలు పరిచారు. ఏడో తరగతిలో ఆడవాళ్ల స్థానాలు రెండు, నిలబడింది నేనూ సిమెంటాయన భార్యా, కాబట్టి పోటీ లేకుండానే ఇద్దరం సభ్యులమయ్యాం. ఐదో తరగతి నుంచి ఆపా కూడా వచ్చింది. అన్ని తరగతులవాళ్లం కలిసి ఇరవై ఒక్క మంది. మాలో నుంచి ఒకరిని చైర్మన్‌గా ఎన్నుకోవాలి. దానికి ముగ్గురం పోటీ, ఆటో అన్న, సిమెంటాయన భార్య, నేను.

సభ్యుల్లో చాలామంది బీడీలు చేసే ఆడవాళ్లమే. చాటలు వెంట తెచ్చుకున్నాం. తడిపిన ఆకు ఆ రోజే చుట్టకపోతే ఎండి పగులుతుంది, ఎన్నికలున్నాయని అది ఆగదు. పెద్దసారు మా చాటల వైపు ఒకసారి చూసి పుస్తకం తెరిచాడు.

"అభ్యర్థులు ఒక్కొక్కరు లేచి తమ ప్రాధాన్యతలు చెప్పాలి," అన్నాడు.

"అంటే ఏంది సార్?" అంది ఆపా.

"గెలిస్తే మొట్టమొదలు ఏం జేస్తరో చెప్పుడు."

ఆటో అన్న లేచి డీజే అని కూర్చున్నాడు. తర్వాత నా వంతు. వారం రోజులుగా చాట ముందు కూర్చుని ఆ మాటలే వల్లె వేసుకున్నాను. తీరా లేచి చూస్తే ఎదురుగా మగవాళ్లు, మీసాలు, పెద్దసారు చేతిలో పెన్ను. నాలుక మడత పడిపోయింది.

"ఆడపిల్లలకు ఇబ్బందున్నది సార్," అన్నాను.

"ఏం ఇబ్బందమ్మా?"

"గదే సార్. ఇబ్బంది."

కూర్చున్నాను. సారు పుస్తకంలో 'ఇబ్బంది' అని రాసుకున్నాడు. ఆపా మోచేత్తో పొడిచింది.

"వారం దినాలు నా చెవులు తిన్నవు గదనే. గిదేనా?"

తలెత్తలేకపోయాను. ఆ క్షణంలో నా బిడ్డ చదువు అయిపోయిందనే అనుకున్నాను.

తర్వాత సిమెంటాయన లేచి గొంతు సవరించుకున్నాడు. పెద్దసారు చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు మెంబర్ కాదు. ఆమెనే చెప్పాలె."

ఆయన కూర్చుని భార్యకు వినపడేలా "కమాను, కమాను" అన్నాడు. ఆమె లేచింది. ఆమె గొంతు ఎలా ఉంటుందో అప్పటిదాకా మా బస్తీలో ఎవరికీ తెలియదు.

"కమాను ముచ్చట మా ఆయనను అడుగుండ్రి, నాకు తెల్వది. మా బిడ్డ గీ బడికొచ్చి పది దినాలాయె. పది దినాల సంది పొద్దుగాల నీళ్లు ముడుతలేదు. ఏందే అంటే, గీడ నాలుగు గొట్టేదాక గట్లనే ఆపుకోవాలెనట, తోటి పిల్ల నేర్పిందట. బాత్రూం గట్టి తాళమేసుకున్నరేంది సార్? నన్ను చైర్మన్ జెయ్యుండ్రి, జెయ్యకుండ్రి. నాకు తాళంచెవి గావాలె. ఇయ్యాల్నే గావాలె."

ఆ తోటి పిల్ల నా బిడ్డే. ఇంకెవరు.

"గా ముచ్చట గీడెందుకే, ఇంట్ల మాట్లాడుకుందాం," అన్నాడు సిమెంటాయన నెమ్మదిగా.

"ఇంట్ల రెండుసార్లు చెప్పిన. మీరు కమాను బొమ్మ గీసుకుంట ఊ గొట్టిండ్రు."

వరండా అంతా నవ్వులు. నిజం చెప్పాలి, నాకు నవ్వు రాలేదు. కాసేపు కడుపు మండింది. నెలల తరబడి మోసిన మాటను నేను మింగేశాను. పది రోజులు మోసినావిడ అందరి ముందూ పెట్టేసింది. ఆ మంట చల్లారాక మళ్లీ ఆకు చేతిలోకి తీసుకున్నాను.

ఆమెకు ఒప్పుకున్నవాళ్లను చేతులెత్తమన్నాడు సారు. ఒక్క చెయ్యీ లేవలేదు. సిమెంటాయన ముఖంలో రంగు దిగిపోయింది. ఆపా చాటలోంచి తల ఎత్తకుండా అంది, "జర ఆగుండ్రి సార్. సగం చుట్టిన బీడీలు చేతులల్ల ఉన్నయి. మూతి మడిచినంక ఎత్తుతం."

ఇరవై ఒక్క మందిలో పన్నెండు మంది బీడీల మూతులు మడిచేదాకా ఎన్నిక ఆగింది. తర్వాత ఒక్కొక్క చెయ్యే లేచింది, వేళ్ల మధ్య బీడీతోనే. నేనూ ఎత్తాను.

"మీరు పోటీల ఉన్నరు గదమ్మా," అన్నాడు సారు.

"ఉన్న సార్. నా ఇబ్బంది ఆమెనే చెప్పింది గద."

ఆటో అన్న అటూ ఇటూ చూసి తనూ ఎత్తాడు. అలవాటు కొద్దీ సిమెంటాయన చెయ్యి కూడా లేచింది. సారు దించమన్నాడు.

కొత్త చైర్మనమ్మ టీ తాగకుండా నేరుగా బాత్రూం దగ్గరికి నడిచింది, వెనకే మేమంతా. అటెండర్ తాళంచెవి తెచ్చాడు గానీ తాళం తుప్పు పట్టింది, రాయితో కొట్టి తీశారు. లోపల టైల్సు తళతళలాడుతున్నాయి. గోడ మీద చేతులు కడుక్కోమని ఒక బొమ్మ. ఆపా నల్లా తిప్పింది, గాలి వచ్చింది. నీళ్ల పైపు అసలు కలపనే లేదు. అందరం పెద్దసారు వైపు చూశాం, ఆయన ఆకాశం వైపు చూశాడు.

భార్య చైర్మన్ అయ్యాక సిమెంటాయనకూ వేరే దారి లేకపోయింది. మూడు రోజుల్లో పైపు, ట్యాంకు వచ్చాయి. ట్యాంకు మీద ఎర్ర అక్షరాలతో వాళ్ల బాపు పేరు రాయించాడు. ఎవరం వద్దనలేదు. ఆ బాపు బతికున్నప్పుడు ఎలాంటివాడో నాకు తెలియదు గానీ, మా ఆడపిల్లలకు చాలా పనికొచ్చాడు.

కడిగే మనిషి రాలేదు కాబట్టి సభ్యులమే వంతులు వేసుకున్నాం. నా వంతు రోజు మా అత్త ఫినాయిల్ సీసా చూసి, "దీనికేనా గింత లొల్లి?" అంది. దీనికే అన్నాను. మళ్లీ చాట మాట ఆమె ఎత్తలేదు. నా బిడ్డ మాత్రం ముఖం మాడ్చుకుంది. "అమ్మా, బకెట్ పట్టుకొని మా క్లాసు ముందలికెళ్లి పోకు. అందరు చూస్తున్నరు." అలా అంటూనే రెండో గ్లాసు నీళ్లు తాగింది. నేను చూడనట్టు ఉన్నాను.

ఏడు పాసయ్యాక టీసీ తీసుకుని ఊళ్లో హైస్కూలుకు వెళ్లాం. అక్కడి సారు ఫారం నా ముందు పెట్టి ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపించాడు.

"ముందుగాల బాత్రూం చూపెట్టుండ్రి సార్," అన్నాను.

బిడ్డ నా నడుము గిల్లింది. సారు ఏమనుకున్నాడో, వరండా చివరికి చెయ్యి చూపించాడు. వెళ్లి నల్లా తిప్పాను, నీళ్లు వచ్చాయి. లోపలి గడియ వేసి చూశాను, తీసి చూశాను, కొంచెం బిగుతుగా ఉంది గానీ పడుతోంది. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

"ఇప్పుడియ్యుండ్రి ఫారం."