అత్త నమ్మిన బొమ్మ

మా ముత్తాత చేవెళ్లలో మాలీపటేల్. శిస్తు వసూలుకు ఆయన గుర్రం కదిలితే కబురు షాబాద్ దాకా ముందే చేరేదట. తాత పోలీసు పటేల్. మొయినాబాద్ దగ్గర మామిడితోట పెట్టించింది ఆయనే. ఆ ఇంటి పేరు మోస్తున్న నేను గండిపేటలోని ఒక కంపెనీ కోసం, టీవీకి తగిలించే స్ట్రీమింగ్ పెట్టెలను పరీక్షిస్తాను. ఇంట్లో కూర్చుని చేసే పని, ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కర్లేదు కాబట్టి ఒప్పుకున్నాను.

హెచ్‌డీఆర్ వీడియోలో ఎండా నీడా కంటికి కనిపించినంత తేడాతో ఉంటాయి. పెట్టె దాన్ని సరిగా అందుకోకపోతే రంగులు వెలిసిపోయి, తెర మీద బూడిద చల్లినట్టు ఉంటుంది. ఏ పెట్టె ఎక్కడ తప్పుతుందో చూసి రాయడమే నా ఉద్యోగం.

తాత పెట్టించిన ఆ మామిడితోటను మా మేనత్తకు పసుపు కుంకుమల కింద రాసిచ్చాడు. పిల్లలు లేని ఆమె మా ఇంట్లోనే ఉంటుంది. తోట చుట్టూ ఫామ్‌హౌస్‌ల గోడలు లేచాక మా అన్న అమ్మేద్దామన్నాడు. చెట్లు ఎలాగూ ఎండిపోతున్నాయని అత్తకు చెప్పాడు. అది అబద్ధం.

"చూడకుంట సంతకం పెట్టేది లేదు. పచ్చగుంటే ఉంచుకుంట. ఎండిపోతే మీ ఇష్టం," అంది అత్త. తుంటి విరిగాక ఆమె కారెక్కలేదు. అందుకే నేను వెళ్లి, పూత మీదున్న తోటను ఫోన్‌తో హెచ్‌డీఆర్‌లో వీడియో తీసుకొచ్చాను. ఫోన్‌లో ఆమెకు ఆనదని టీవీలో పెట్టాను.

ఆ రోజు టీవీకి తగిలించి ఉన్నది పరీక్షకు కొత్తగా వచ్చిన పెట్టె. తొందరలో చూసుకోలేదు. ఆకులు బూడిద రంగులో తేలాయి. ఎర్రమట్టి సున్నం కలిపినట్టుంది.

"అయ్యో, గిట్లయిందా నా తోట!"

"నేను చెప్తే నమ్మకపోతివి," అన్నాడు అన్న.

"ఆగు అత్తా. తప్పు పెట్టెది, చెట్లది కాదు," అని దాన్ని తీసి, బాగుందని నేనే రాసిచ్చిన పెట్టె తగిలించాను. టీవీ మూలన హెచ్‌డీఆర్ అని వచ్చింది. ఆకుల మీద ఎండ తళుక్కుమంది. కొమ్మల కింద నీడలో రాలిన పూత కూడా కనిపించింది. నేను తోటలో నిలబడి చూసింది ఇదే.

అత్త నవ్వింది. "గిదేంది బిడ్డా, పెండ్లి ఫోటోకు రంగులేసినట్టు! ముసల్దాన్ని ఖుషీ చేద్దామనా?"

"రంగులు నేనెయ్యలే అత్తా, ఒట్టు."

"నీ పనే గది గదా. పొద్దందాక టీవీ ముందట రంగులు దిద్దుకుంట కూసుంటవు."

"దిద్దను. చూస్త, అంతే."

"మస్తు పనితనమున్నది, పటేలా!" అన్నాడు అన్న.

మళ్లీ మళ్లీ పెట్టెలు మార్చి చూపించాను. వెలిసిన తోటే ఆమెకు నిజమనిపించింది. ఎత్తుకుని కారులో కూర్చోబెడతాను, వెళ్లి చూద్దామన్నాను.

"వద్దురా. ఎండిన చెట్లు చూడనీకి అంత దూరమెందుకు? నా పానం ఆగదు."

ఆ తేడా చూడడానికే జీతం తీసుకునే నేను, దాన్ని ఒక్క మనిషికి నమ్మకంగా చెప్పలేకపోయాను. గట్టిగా అరిచానేమో కూడా. అత్త నా చెయ్యి నిమిరింది, నేనే ఏదో పోగొట్టుకున్నట్టు.

అన్న కాగితాలు ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని, మెల్లగా, పూర్తి పేరు రాసింది.

నాలుగెకరాల మామిడితోట, బావీ మోటారుతో సహా, పక్క ఫామ్‌హౌస్ వాళ్లకు అమ్ముడుపోయింది.