వెనకగోడ గూటిపెట్టె

బెంగాల్‌లోని సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో డోర్కాస్ ఇంటి వెనకగోడకు ఆ చెక్కపెట్టె ఎక్కడానికి కారణం ఆమె చేసిన ఒక పొరపాటు. వంటింటి పైన ఉన్న వెంటిలేటరులో పావురాలు దూరుతున్నాయని తానే నిచ్చెన వేసుకుని ఇనపజాలీ బిగించింది. ఆ సాయంత్రం ఒక తెల్ల గుడ్లగూబ వచ్చి జాలీని కాళ్లతో గీకింది. మర్నాడూ వచ్చింది. మూడోనాడు అనుమానమొచ్చి జాలీ ఊడదీస్తే, లోపల దుమ్ములో మూడు గుడ్లు చల్లబడి ఉన్నాయి.

డోర్కాస్ ఏడ్చే మనిషి కాదు. భర్త కృపాకర్ కామెర్లతో పోయాక ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. యార్డు ఆఫీసులో నీళ్లు నింపడం, టీ అందించడం ఆమె పని. నింపాల్సిన కుండలన్నీ నింపేసి, వెళ్లి వడ్రంగి షెడ్డులో బల్ల పక్కన నిలబడేది. ఎందుకొచ్చావంటే నేర్చుకోడానికి అనేది. పొమ్మంటే పోయి మర్నాడు మళ్లీ వచ్చేది. రెండు నెలలు అలా నిలబడ్డాక ముసలి మిస్త్రీకి విసుగెత్తి చిత్రిక ఆమె చేతిలో పెట్టాడు. అప్పటినుంచి పదకొండేళ్లుగా ప్యాసింజరు బోగీల తలుపులు, కిటికీ చట్రాలు బాగుచేస్తోంది.

ఆ గుడ్లను పెరట్లో పాతిపెట్టిన వారమే దేవదారు చెక్క కొనుక్కొచ్చింది. నాలుగు ఆదివారాలు, చర్చి నుంచి రాగానే కూర్చుని గుడ్లగూబకు పెట్టె కట్టింది. మూడడుగుల పొడవు, లోపల వాన చుక్క పడకుండా వాలు కప్పు, పిల్లలు బయటికొచ్చి నిలబడ్డానికి ఒక పలక. వెంటిలేటరు పక్కనే బిగించింది.

అత్త అచ్చమ్మ గుమ్మంలో కూర్చుని అంతా చూసింది. వాళ్ల ఊళ్లో గుడ్లగూబను పైడికంటి అంటారు, అది కనబడితే కీడంటారు.

"పైడికంటిని ఎవులైనా పిలిసి ఇల్లిత్తారేటే? ఇల్లు పాడెడిపోద్ది."

"మనం విశ్వాసులం కామా అత్తా?"

"విశ్వాసులమే. అయితే మాత్రం, ఆ మొకం నాను సూడలేను."

ఏడాదిపాటు అచ్చమ్మకు చూడాల్సిన అవసరం రాలేదు. పెట్టె ఖాళీగానే ఉంది. 1996 వానాకాలం చివర్లో ఒక సాయంత్రం పలక మీద తెల్లగా ఏదో కదిలింది. దసరా నాటికి లోపలినుంచి చప్పుడు మొదలైంది. బ్రేకు పైపుకు చిల్లుపడి గాలి పోతున్నట్టు ఒకటే బుసబుస. డోర్కాస్ నిచ్చెనెక్కి చూసింది. నాలుగు పిల్లలు. బూడిద రంగు నూగు, ముసలి మొహాలు. చీకటి పడే వేళకు తల్లీ తండ్రీ వంతులవారీగా యార్డు వైపునుంచి ఎలుకల్ని తెచ్చేవి. డోర్కాస్ డ్యూటీ దిగి కాళ్లు కడుక్కుని మెట్టు మీద కూర్చుని, ఎన్నిసార్లు వచ్చాయో చూసేది. పిల్లలు ఎగరడానికి ఇంకా ఆరేడు వారాలు పడుతుందని లెక్కవేసుకుంది.

ముప్పు అత్తవైపునుంచి ఉంటుందనుకుంది. కానీ అది పక్కింటినుంచి వచ్చింది, భక్తి రూపంలో.

పక్కింటి చందనను అందరూ బౌదీ, అంటే వదిన, అని పిలుస్తారు. ఆమె ఒక సాయంత్రం గోడమీంచి తెల్ల గుడ్లగూబను చూసి చేతులు జోడించింది. బెంగాలీలకు అది లక్ష్మీదేవి వాహనం. మర్నాటికి పెట్టె కింద దీపం, బియ్యం, అగరొత్తులు వచ్చాయి. ఆ పైరోజుకు వీధిలోని ఆడవాళ్లంతా వచ్చారు. దేవుడు లేడని పార్టీ మీటింగుల్లో చెప్పే చందన మొగుడు కూడా, భార్య పళ్లెం పట్టుకుని వెనకాలే వచ్చాడు. సరిగ్గా పక్షులు మేత తెచ్చే వేళకే శంఖం ఊదేవారు. కొబ్బరిపీచు ధూపం తిన్నగా పెట్టెలోకి పోయేది. ఇరుగుపొరుగు ముచ్చట, నాలుగు రోజుల్లో పోతుందిలే అనుకుని డోర్కాస్ ఊరుకుంది.

జనానికి, పొగకు బెదిరి పెద్దపక్షులు పెట్టె మీద వాలడం మానేశాయి. నాలుగోరోజు బుసబుస బాగా తగ్గింది. తెల్లవారాక నిచ్చెనెక్కింది. అన్నిటికంటే చిన్నపిల్ల మూలన బిగుసుకుపోయి ఉంది. మిగతా మూడూ నోళ్లు తెరిచి ఆమె చేతినే మేత అనుకుని పొడిచాయి.

ఆ రోజు ఆమె యార్డుకు వెళ్లలేదు. పెరటి తలుపుకు గడియ బిగించి, చందన ఇంటికి వెళ్లింది. జరిగింది చెప్పింది. ఇంకెవ్వరూ వెనక్కి రావొద్దంది. చందన మొహం ఎర్రబడింది. రెండు రోజుల్లో కోజాగరి పున్నమి, ఇల్లిల్లూ లక్ష్మీపూజ చేసుకునే రోజు.

"లక్ష్మి నడుచుకుంటూ వస్తే మొహం మీద తలుపేస్తావా, మిస్త్రీ దీదీ?"

"ముందువైపు కూడా తలుపుంది బౌదీ. అటునుంచి రమ్మను. వెనక పసిపిల్లలున్నారు."

చందన ఆమెను ఎగాదిగా చూసింది. ఆ పండగకు బియ్యప్పిండితో గడప దగ్గర లక్ష్మి పాదాలు వేస్తారు. అవి నీ గడప మీద వేస్తే ఒప్పుకుంటావా, మీ చర్చివాళ్లు ఊరుకుంటారా అని అడిగింది. తొమ్మిదేళ్లుగా తెలుగు చర్చిలో స్త్రీల సమాజానికి డోర్కాసే అధ్యక్షురాలు. ఆ మాట చందనకూ తెలుసు.

"వేసుకోండి," అంది డోర్కాస్. "శంఖం వద్దు, ధూపం వద్దు. వెనక్కి ఒక్కరు కూడా రాకూడదు."

పున్నమినాటి సాయంత్రం ఆడవాళ్లు ముందు గుమ్మంలోనే కూర్చుని పాదాలు వేశారు, గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. అచ్చమ్మ గదిలోకి పోయి తలుపేసుకుంది. వెనక డోర్కాస్ గోడకానుకుని లెక్కపెట్టింది. బాగా చీకటి పడేలోగా తల్లీ తండ్రీ మూడు ఎలుకల్ని తెచ్చాయి.

ఆదివారం సంఘపెద్ద జ్ఞానానందం ఇంటికొచ్చాడు. ఎండిన పిండి గుర్తులు దాటుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు. మంచివాడు, కృపాకర్ సమాధి దగ్గర ప్రార్థన చేసినవాడు.

"నీకు తెలవకుండా ఏసెల్లిపోనారని సంఘంలో ఒక్క మాట సెప్పమ్మా. ఆడితో అయిపోద్ది."

"తెలిసే ఏయించినాను అయ్యగారూ. నానే రమ్మన్నాను."

"ఒక పిట్ట కోసమా?"

"మూడు," అంది డోర్కాస్.

ఆమె టీ పెట్టి తెచ్చింది. వంటింటి అవతలనుంచి బుసబుస వినిపిస్తూనే ఉంది. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. పై ఆదివారం స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిగా రోజమ్మను ఎన్నుకున్నారు. డోర్కాస్ హాజరుపుస్తకం, పాటల పుస్తకాల బీరువా తాళం ఆమె చేతికిచ్చి, వెనక బల్ల మీద కూర్చుని ఆరాధన అయ్యేదాకా ఉంది. తర్వాత ఎవరూ ఆపి మాట్లాడలేదు. నడిచి ఇంటికొచ్చింది.

నవంబరు ఆఖరుకు రెండు పిల్లలు ఎగిరిపోయాయి. మూడోది పలక మీదికి వచ్చేది, కిందికి చూసేది, మళ్లీ లోపలికి పోయేది. తొమ్మిది రోజులు అదే వరస. తల్లి మేత తేవడం తగ్గించి ఎదురు గోడ మీద కూర్చుని పిలిచేది. డోర్కాస్ మెట్టు మీదనుంచి కదిలేది కాదు. వీధి కుక్కలు రెండు ఆ గోడవారనే తిరుగుతున్నాయి, కర్ర పక్కన పెట్టుకుంది.

పదో సాయంత్రం అది పలక అంచున ఊగి పడిపోయింది. పడుతూ పడుతూ రెక్కలు విప్పింది. గోడను రాసుకుంటూ పోయి, సిగ్నలు తీగల పైకి లేచి, యార్డు దీపాల వెలుతురు దాటిపోయింది.

"ఎల్లిపోనాదేటి?" లోపలినుంచి అత్త అడిగింది.

"ఎల్లిపోనాది."

మర్నాడు డ్యూటీ దిగి రాగానే డోర్కాస్ నిచ్చెన వేసింది. పెట్టెలోని ఎలుక ఎముకలు, బొచ్చు గోకి చేటలోకి తీసింది. లోపల కడిగింది. పిల్లలు పడిపోకుండా నిలబడ్డానికి పలకను ఇంకో జానెడు పొడిగించాలని కొలత తీసుకుని, చెవి వెనక పెన్సిలు దోపుకుని కిందికి దిగింది.