పెట్రోలుతో కడిగిన రబ్బర్లు

సికింద్రాబాద్‌లో తుకారాం చేతికి వచ్చిన బండి ఏదైనా సరే, ముందు పెట్రోలు స్నానం చేయాల్సిందే. కార్బురేటర్, చైను, బోల్టులు, ఆఖరికి తన చేతులు కూడా పెట్రోలుతోనే కడిగేవాడు. ముప్పై ఏళ్లుగా స్కూటర్ మెకానిక్. ఆ వాసన తగలకపోతే పని చేసినట్టే ఉండదు. భార్య కమలాబాయి ఎంత సణిగినా మారలేదు, మొండిఘటం.

2005లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల శనివారపు సరదా కోసం రామభద్రరావు అనే ఆసామి అల్వాల్ దాటాక ఒక తోట అద్దెకు తీసుకున్నాడు. నాలుగు పాత ఏటీవీలు తెచ్చిపెట్టాడు. లావు టైర్ల నాలుగు చక్రాల బైకులవి. తుకారాం వాటిని విప్పి, కడిగి, బ్రేకుల్లో కొత్త రబ్బర్లు వేసి బిగించాడు.

ఆ శనివారం బేగంపేట నుంచి ఒక ఆఫీసు బస్సు వచ్చింది. మూడు బండ్లు తోట వెనకున్న దిబ్బ మీదికి వెళ్లిపోయాయి. నాలుగోది ఎక్కిన దేవిక అనే ఉద్యోగిని బ్రేకు నొక్కి చూసి, “అంకుల్, ఇది మెత్తగా ఉందేంటి?” అంది.

తుకారాం బ్రేకు ఆయిల్ గొట్టాలు తడిమాడు. ఎక్కడా తడి లేదు. బ్రేకు ప్యాడ్లు బాగున్నాయి. గాలి చేరిందేమోనని చక్రం దగ్గరి స్క్రూ వదులు చేసి కాస్త ఆయిల్ వదిలాడు. ఒక్క బుడగ రాలేదు. లీవరు నొక్కి పట్టుకున్నాడు. ముందు గట్టిగానే ఆగింది. పది లెక్కపెట్టేలోగా మెల్లగా హ్యాండిల్ దాకా దిగిపోయింది.

ఆయిల్ బయటికి కారడం లేదంటే లోపలే జారిపోతోందన్నమాట. హ్యాండిల్ దగ్గరి సిలిండరు విప్పాడు. లోపలి రబ్బరు నానిన శనగగింజలా ఉబ్బి, అంచు చిరిగి ఉంది. రాణిగంజ్‌లో ఆ రబ్బర్లు అమ్మినవాడు పెట్రోలు తగలనివ్వొద్దని చెప్పనే చెప్పాడు. ‘నాకా చెప్పేది’ అనుకుని, బిగించే ముందు అలవాటుగా పెట్రోలులో ముంచాడు. ఒక్కదాన్ని కాదు, నాలుగు బండ్ల రబ్బర్లనూ ముంచాడు.

దిబ్బ వైపు పరుగెత్తాడు.

“రేస్ వదులుండ్రి! బండ్లు ఆపుండ్రి!”

పైన చదును మీదున్న రెండూ ఆగాయి. మూడోది అప్పటికే వాలు దిగుతోంది. దాని మీద సూరి అనే కుర్ర ఇంజనీరు. కింద రాతిగోడ. బ్రేకు మళ్లీ మళ్లీ నొక్కుతున్నాడు, బండి ఆగడం లేదు.

“మట్టికుప్ప మీదికి తిప్పు బిడ్డా!”

తిప్పాడు. బండి కుప్పలోకి దూరి ఆగింది. సూరి మట్టి దులుపుకుంటూ లేచి, ఇదీ ఆటలో భాగమే అనుకుని, “సూపర్ అంకుల్” అని నవ్వాడు.

రామభద్రరావు రొప్పుతూ వచ్చాడు. “ఎవరికీ ఏం కాలేదు కదయ్యా. ఆ రెండూ బాగానే ఆగాయి. సాయంత్రం దాకా తిరగనీ.”

తుకారాం ఒక్కో బండి దగ్గరికీ పోయి తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు, కానీ అందరికీ వినపడేలాగే చెప్పాడు.

“తిరగయి సార్. తప్పు నాది. రబ్బర్లను పెట్రోల్ల కడిగిన. నాలుగు బండ్లకు సుత బ్రేకులు లేవు.”

సూరి నవ్వు ఆపి, వెనక్కి తిరిగి గోడను చూశాడు.